ఆకు పండితే చెప్పు

ఆ రోజుల్లో రెండు విషయాల్లో నా మీద నాకు గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, నాకు తెలుగు వచ్చు. రెండు, నాకు మొక్కలు తెలుసు. సింగపూరులో కొత్తగా విమానం దిగిన పిల్లకి ఈ రెండింటితో పనేముంటుందని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ రెండింటినీ పెట్టె అడుగున పడేసి, నా ఇంగ్లీషు యాస గురించీ, ఆఫీసులో వాళ్ళ చైనీసు పేర్లు ఎలా పలకాలన్న దాని గురించీ తెగ బెంగపడ్డాను. తీరా చూస్తే ఇంగ్లీషు నన్నేమీ చెయ్యలేదు. చైనీసు పేర్లు కూడా కొద్ది రోజుల్లోనే నోటికి అలవాటయ్యాయి. నా కొంప ముంచింది తెలుగు, ముంచిన చోటు ఒక మొక్కల కుండీ.

వన్-నార్త్‌లో ఒక చిన్న కంపెనీలో నా ఉద్యోగం. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా పని (తప్పులు పట్టే మనిషికే ఇదంతా జరిగిందని కాస్త గుర్తుపెట్టుకోండి). ఉద్యోగం తేలిగ్గానే దొరికింది కానీ గది దొరకలేదు. అంటే గదులకేం, బోలెడు. వంట చేసుకోనిచ్చే గది లేదు. 'నో కుకింగ్' అని మొహం మీద చెప్పేవాళ్ళు ఎంతో నయం. 'లైట్ కుకింగ్ ఓకే' అనేవాళ్ళతోనే చిక్కు. లైట్ కుకింగ్ అంటే నూడుల్స్ మీద వేడినీళ్ళు పోసుకోవడమనీ, ఇంగువ తాలింపు అందులోకి రాదనీ ఒకింటాయన నాకు దగ్గుతూ వివరించాడు. ఆ వేళ నేను ఎండుమిరపకాయలు కొంచెం మాడ్చాను. మర్నాటి నుంచి మళ్ళీ గదుల వేట.

అలా తిరిగి తిరిగి యీషున్‌లో ఆంటీ ఇంటికి చేరాను. ఆవిడ తలుపు తీసి, నన్ను ఎగాదిగా చూసి, "తెలుగా?" అంది. అవునన్నాను. "నానూ తెలుగే. మా తాత విశాపట్నం దిక్కు నుంచి రబ్బరు తోటలకి వొచ్చినాడు. నాను ఇక్కడే పుట్టినాను. తాళింపు పెట్టుకుంటావా? పెట్టుకో, బొలే. జన్నల్ మాత్రం తెరువు." జన్నల్ అంటే కిటికీ అని ఆవిడ వేలు చూపించిన వైపును బట్టి అర్థం చేసుకున్నాను. బొలే అంటే సరే అని ఆవిడ మొహాన్ని బట్టి అర్థం చేసుకున్నాను. తాళింపు అన్న మాటకి అర్థం వెతుక్కునే పని లేకపోయింది, కళ్ళు వాటంతటవే చెమర్చాయి.

ఆంటీ తెలుగు మూడు ఊళ్ళ నీళ్ళు తాగిన తెలుగు. మాట విశాఖ వైపుది, మధ్యలో అరవం, చివర్లో మలయ్. "మక్కన్ అయ్యిందా?" అంటే భోజనమైందా అని. వీటన్నిటికీ త్వరలోనే అలవాటుపడ్డాను కానీ 'సయాంగ్' అన్న మాట ఒక్కటే నాకు చాలాకాలం కొరుకుడు పడలేదు. పాలు విరిగిపోయినా ఆవిడ సయాంగ్ అనేది. లిఫ్టులో ఎవరి పిల్లాడి బుగ్గ నిమిరినా సయాంగ్ అనేది. ఒక్క మాటలో అయ్యో పాపమూ, నా బంగారమూ రెండూ ఎలా పడతాయో నాకు అర్థమయ్యేది కాదు. అడిగితే "అదీ సయాంగే, ఇదీ సయాంగే" అని నన్ను ఇంకా అయోమయంలో పడేసేది.

ఆవిడ ఫ్లాటు వరండాకి చిట్టచివర ఉండేది. అటువైపు ఎవరూ నడవరు కాబట్టి గోడ పొడుగునా కుండీలు పెట్టి దాన్ని 'తోటం' అనేది. కరివేపాకు, తులసి, అన్నంలో వేసే పాండన్ ఆకు, అన్నిటికంటే చివర, పొద్దుటి ఎండ పడే చోట, వెదురుపుల్లల మీదికి పాకించిన ఒక తీగ. దానికి పూలు లేవు, కాయలు లేవు, వాసన కూడా లేదు. కోణాలు తేలిన ఆకులు మాత్రం ఉన్నాయి. నేను చేరేనాటికి అవి మామూలు లేతాకుపచ్చ. ఆంటీ దాన్ని ఐవీ అనేది. రోజూ పొద్దున్నే తులసికి దణ్ణం పెట్టుకుని, ఐవీ దగ్గర కూర్చుని, ఒక్కొక్క ఆకునీ తిప్పి చూసి, నిట్టూర్చి లేచేది. దానికేదో పాత జబ్బు ఉందనీ, మళ్ళీ తిరగబెడుతుందేమోనని ఆవిడ భయమనీ నాకు నేనే తేల్చేసుకున్నాను.

ఇలా ఉండగా మలేసియాలో ఆంటీ చెల్లెలికి మోకాలి ఆపరేషన్ అయ్యింది. సాయానికి ఆంటీ బయల్దేరింది. ఇల్లు జాగ్రత్త అనలేదు, గ్యాసు జాగ్రత్త అనలేదు. వరండాలోకి తీసుకెళ్ళి ఆ తీగని చూపించింది. "ఐవీని ఎండలోనే ఉంచు. మట్టి ఆరినాకే నీళ్ళు పొయ్యి. ఆకు పండితే నాకు సెప్పు, మరిసిపోకు. ఐవీకి కూడా సెప్పాల." ఐవీ ఆకు పండితే ఐవీకే చెప్పడం ఏమిటో నాకు బోధపడలేదు. మొక్కలతో మాట్లాడే మనుషులుంటారని విన్నాను, అలాంటిదేమో అనుకున్నాను. అడుగుదామనుకునేలోగా టాక్సీ వచ్చింది. ఆవిడ ఎక్కుతూ కూడా చెయ్యి పైకెత్తి "ఐవీ" అనే అంది. ఈ మొక్కకి ఏమన్నా అయితే నాకు ఈ ఇంట్లో తాలింపు యోగం చెల్లినట్టేనని ఆ క్షణంలో అనుకున్నాను. ఆవిడ నా మీద పెట్టిన బాధ్యత అదొక్కటే మరి.

ఆకు పండితే చెప్పు అంటే నాకు ఎందుకు అర్థం కాదు? జ్వరం వస్తే చెప్పు అన్నారంటే జ్వరం రావాలని కోరుకున్నట్టు కాదు గదా. పైగా మాది రేపల్లె వైపు. వరి కోతలయ్యాక మినుము చల్లుతాం. ఆ మినుముకి పల్లాకు తెగులని ఒకటి వస్తుంది. ఒక్క మొక్క ఆకు పసుపురంగుకి తిరిగితే చాలు, తెల్లదోమ దాన్ని చేనంతా అంటిస్తుంది. అందుకని మా ఇంట్లో పిల్లలకి అక్షరాలకంటే ముందు నేర్పేది పసుపు తిరిగిన మొక్కని పీకి గట్టు అవతల పారెయ్యడం. సెలవుల్లో నేనూ మా నాన్న వెనకాల చేలో నడుస్తూ ఎన్ని పీకానో. నాకు మొక్కలు తెలుసు అన్నానంటే ఊరికే అనలేదు.

ఆంటీ వెళ్ళాక ఎండలు బాగా కాశాయి. ఒకరోజు ఆఫీసుకి బయల్దేరుతూ చూద్దును కదా, ఐవీ చివరాకు ఒకటి పచ్చబారి ఉంది. అంచు నుంచి మొదలై ఆకంతా, పసుపు పూసి ఆరబెట్టిన బట్టలాగా. మర్నాడు ఇంకోటి, దాని పక్కన మరోటి. (ఇంటర్నెట్‌లో చూడొచ్చుగా అంటారు. చూశాను. ఐవీ ఆకులు పసుపు అని కొడితే వేరుకుళ్ళు, ఎర్రనల్లి, అతినీరు, అల్పనీరు అని వచ్చింది. ఏ పేజీ తెరిచినా మొక్క బతకడం కష్టమనే చెప్పింది.) ఇంటికి ఫోన్ చేశాను. "ఆంటీ ఊరెళ్తూ ఐవీ సంగతి నాకప్పజెప్పారు, ఇప్పుడేమో అది..." అన్నానో లేదో, ఆసుపత్రిలో నర్సుగా చేసే మా అమ్మ మాటకి అడ్డం పడి, "ఐవీ ఎవరికి పెట్టారే? నువ్వు చూడ్డమేంది, నీకేం తెలుసు? నరం దొరికిందా?" అంది. సెలైను సీసా కాదు, తీగ అని చెప్పి నాన్నని పిలిపించి వీడియో పెట్టేసరికి సగం ఫోన్ కాల్ అయిపోయింది.

మా నాన్న కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్‌ని మొహానికి ఆనించుకుని చూశాడు. చూడ్డానికి ఆయనకి ఎక్కువసేపు పట్టలేదు. "పల్లాకు. సందేహమే లేదు. పీకెయ్యి."

"ఇది మినుము కాదు నాన్నా."

"మినుము కాకపోతే మాత్రం? పక్కన కరేపాకు ఉందా లేదా? దానికి అంటుకుంటది. పీకి పారెయ్యమ్మా."

"పీకితే నా గది పోతుంది. ఆంటీకి ప్రాణం ఆ మొక్క."

గది పోతుందనేసరికి నాన్న కాస్త మెత్తబడ్డాడు. మొక్కని మిగతావాటికి దూరంగా జరపమన్నాడు. ఎండ తగలనివ్వొద్దన్నాడు. పచ్చబారిన ఆకు కనపడగానే తుంచెయ్యమన్నాడు. నత్రజని ఉండే ఎరువు కొంచెం నీళ్ళలో కలిపి పొయ్యమన్నాడు. రోజూ ఫోటో పంపమన్నాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు చేశాను. కుండీని నా గదిలోకి తెచ్చి, కిటికీకి దూరంగా బల్ల పక్కన పెట్టుకున్నాను. పొద్దున్నే లేచి పచ్చబారిన ఆకులన్నిటికీ దగ్గరగా ఫోటోలు తీసి నాన్నకి పంపి, గోటితో తుంచి, చెత్త కిందికి జారే గొట్టంలో వేసేదాన్ని. వెంటనే నాన్న నుంచి వాయిస్ మెసేజ్ వచ్చేది, ప్రతిసారీ అదే మాట. "ఇంకా ఏం చూస్తన్నావు, పీకి పారెయ్యమ్మా."

ఆంటీది బటన్ ఫోన్. అందులో మాట వినపడ్డమే గొప్ప, ఫోటోలూ గీటోలూ నడవవు. ఒకరోజు ఫోన్ చేసి, "ఆకు పండిందా పిల్లా?" అంది.

"లేదాంటీ, ఒక్కటి కూడా పండలేదు" అన్నాను, గర్వం గొంతులో దాచుకుంటూ. (పండినవి పండినట్టే తీసేస్తున్నాను కాబట్టి అది మరీ అబద్ధం కూడా కాదు.)

"ఒక్కటి కూడానా?"

"నేనుండగా ఎందుకు పండనిస్తానాంటీ? మీరు నిశ్చింతగా ఉండండి."

ఆవిడ నెమ్మదిగా "సయాంగ్" అంది. నాకు ఒళ్ళు పులకరించింది. పిల్లల బుగ్గలు నిమిరే సయాంగ్ నాకూ దక్కిందని ఆ పూట పప్పులో ఒక ఎండుమిరపకాయ ఎక్కువే వేసుకున్నాను.

నా వైద్యం ఫలించింది. పాత పసుపు ఆకులు పోయాయి, కొత్తవి నల్లబడేంత ఆకుపచ్చగా, వెడల్పుగా, గోంగూర మడిలాగా వచ్చాయి. నాన్న కూడా మెచ్చుకున్నాడు. ఆ ఊపులో ఉండగా ఆంటీ మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి అడగడమే భయంభయంగా అడిగింది. "పోనీలే, కొంచెమన్నా పచ్చన అయ్యిందా?"

"కొంచెమేంటాంటీ, ఎంత పచ్చగా ఉందో మీరు నమ్మరు. తీగంతా నిగనిగలాడే పచ్చ."

"నిజంగానా? అంతా పచ్చేనా?"

"వెతికినా వేరే రంగు ఆకు దొరకదు."

ఆంటీ ఫోన్‌లో అంత సంతోషంగా మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. అటు పక్కనున్న చెల్లెలికి కూడా ఏదో చెప్పింది. "నాను శనివారం వొచ్చేస్తాను. ఐవీకి సెప్తాను, ఐవీని కూడా తీస్కొస్తాను. మక్కన్ ఎక్కువ చెయ్యి, పిల్లా" అని పెట్టేసింది. ఐవీ నా గదిలో ఉంటే ఈవిడ ఎక్కణ్ణుంచి తీసుకొస్తుందో, తెచ్చినా దానికి భోజనమెందుకో నాకు అర్థం కాలేదు. ఆ ఇంట్లో అర్థం కాకపోవడం నాకు అలవాటైపోయింది కాబట్టి రెండు గ్లాసుల బియ్యం ఎక్కువ కడిగాను.

శనివారం తలుపు తీసేసరికి ఆంటీతోపాటు సన్నగా, పొట్టిగా, బాబ్డ్ జుట్టుతో ఒక చైనీస్ ఆవిడ నిలబడి ఉంది. ఆంటీ చెప్పులు విప్పకుండానే వరండా చివరికి చూసి, అక్కడ ఖాళీ చోటు చూసి, బెదిరిపోయి, "ఐవీ ఏది? వేర్ ఈజ్ ఐవీ?" అంది.

"ఐ యామ్ హియర్ వాట్" అంది పక్కనున్నావిడ.

అప్పుడు తెలిసింది, ఐవీ మనిషి పేరు కూడానని. ఆవిడ ఎన్నో ఏళ్ళు ఆంటీకి ఎదురింటి మనిషి. కొడుకు దగ్గరికి బుకిట్ పంజాంగ్ వెళ్ళిపోతూ తన తీగలోంచి ఒక కొమ్మ తుంచి ఇచ్చింది. ఆవిడ పేరూ దాని పేరూ ఒకటేనని ఎవరో నర్సరీలో సరదాకి అమ్మిన మొక్కట అది. చలిదేశపు తీగ, ఇక్కడి ఉక్కకి బతకదని అందరూ అంటే పంతానికి బతికించింది. ఎండ సరిగ్గా పడితే దాని ఆకులు బంగారు రంగుకి తిరుగుతాయి, దాని అందమంతా అదే. ఆవిడ కొత్త ఫ్లాటుకి ఎండ రాదు. అక్కడ తల్లి మొక్క చచ్చిపోయింది. ఇక మిగిలింది ఆంటీ దగ్గరున్న ఈ కొమ్మే. ఆకు పండగానే కబురు చెయ్యి, చూడ్డానికి వస్తాను అని ఆవిడ, తప్పకుండా చేస్తానని ఈవిడ అనుకున్నారు. రోజూ పొద్దున్నే ఆంటీ ఆకులు తిప్పి నిట్టూర్చింది పండుతున్నాయేమో అన్న భయంతో కాదు, పండలేదన్న దిగులుతో.

ఇదంతా నాకు తరవాత తెలిసింది. అప్పుడు మాత్రం నేను నవ్వుతూ నా గదిలోకి వెళ్ళి, కుండీని రెండు చేతులా ఎత్తుకొచ్చి, భోజనాల బల్ల మీద పెట్టి పక్కకి తప్పుకున్నాను. మెచ్చుకోలు కోసం అలా చేతులు కట్టుకుని నిలబడ్డం తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

"వై సో గ్రీన్ ఆ?" అంది ఐవీ ఆంటీ.

ఆంటీ కుర్చీలో కూర్చుంది. "పచ్చగుంది అన్నావు కదా పిల్లా."

"పచ్చగానే ఉంది కదాంటీ."

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళి పోపులపెట్టె తెచ్చి, మూత తీసి, పసుపు చూపించింది. "ఇది పచ్చ."

నేను ఐవీ ఆకు పట్టుకున్నాను. "ఇది పచ్చ."

"వాట్ ఈజ్ పచ్చ?" అంది ఐవీ ఆంటీ.

ఇద్దరం ఆవిడ వైపు చూశాం. ఏం చెబుతాం? పచ్చకామెర్లలో పచ్చ ఒకటి, పచ్చగడ్డిలో పచ్చ ఒకటి. పుట్టిన దగ్గర్నుంచీ రెండూ వాడుతున్నాను, అవి రెండు రంగులని నాకు ఎప్పుడూ తట్టలేదు. "అసలు పండనే లేదా?" అని ఆంటీ అడిగింది, ఆశగా. పండాయి, పండినవి పండినట్టు గోటితో తుంచి పారేశాను అని చెప్పాల్సి వచ్చింది. చెబుతుంటే ఏడుపొచ్చింది. గది గురించి కాదు, అప్పటికి గది సంగతి మరిచిపోయాను. ఇంత దూరం రైళ్ళు మారి వచ్చిన ఆ పెద్దావిడ బుట్టలో తెచ్చిన నారింజపళ్ళు ఇంకా చేత్తోనే పట్టుకుని నిలబడి ఉంది.

"త్రో ఆల్ అవే ఆ?" అంది ఆవిడ. తలూపి, ఏదో ఒకటి చూపించాలి కాబట్టి, నాన్నకి పంపిన ఫోటోలు తీసి ఫోన్ ఆవిడ చేతికిచ్చాను. రోగానికి సాక్ష్యంగా తీసిన ఫోటోలు. పొద్దుటి వెలుతురులో, ఒక్కో ఆకూ దగ్గరగా. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని ఒకటి చూసింది, వేలితో జరిపి ఇంకోటి చూసింది. "వా, సో గోల్డ్" అంది. ఆంటీ లేచొచ్చి ఆవిడ భుజం మీంచి వంగింది. ఇద్దరూ తలలు ఆనించుకుని ఒక్కో ఆకు దగ్గరా ఆగుతూ చూస్తున్నారు. ఇంతలో ఐవీ ఆంటీ వేలు ఎక్కడ తగిలిందో, మా నాన్న గొంతు ఇల్లంతా మోగిపోయింది. "ఇంకా ఏం చూస్తన్నావు, పీకి పారెయ్యమ్మా."

"హూ ఈజ్ దిస్ అంకుల్? సో ఫియర్స్" అంది ఐవీ ఆంటీ.

ఆంటీ ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, తరవాత ఆపుకోలేక బల్ల పట్టుకుని నవ్వింది. ఆవిడ నవ్వు చూసి ఈవిడా నవ్వింది. నేను మాత్రం నవ్వాలో వద్దో తెలియక నిలబడ్డాను. నవ్వు ఆగాక ఆంటీ నా తల నిమిరి "సయాంగ్" అంది. ఇది ఏ సయాంగో అడగలేదు. రెండూ అయి ఉంటాయి. "మక్కన్ పెట్టు, పప్పు సల్లారిపోతోంది" అంది.

కుండీ మళ్ళీ ఎండలోకి వెళ్ళింది. నేను మళ్ళీ కాపలా కాశాను, ఈసారి పండకుండా కాదు. ఒక పొద్దున అంచు పసుపు తిరిగిన ఆకు కనిపించింది. చెయ్యి పాత అలవాటు కొద్దీ గోటితో సహా ముందుకి వెళ్ళింది, రెండో చేత్తో ఆ చేతిని పట్టుకుని లోపలికి పరిగెత్తి "పండింది ఆంటీ" అని కేకేశాను. ఆ ఆదివారం ఐవీ ఆంటీ వచ్చి ఆ ఆకు ఎదురుగా ప్లాస్టిక్ స్టూలు వేసుకుని టీ తాగింది. తన ఫ్లాటుకి ఎండ రాదు కాబట్టి ఆ తరవాత ఆవిడే యీషున్‌కి తరచుగా వచ్చేది. నా పప్పు కోసం కూడానని అనేది, ఎంతవరకు నిజమో తెలియదు.

ఇప్పుడు నా ఇంట్లో నా ఇష్టమొచ్చినన్ని ఎండుమిరపకాయలు మాడ్చుకోవచ్చు. వరండాలో ఎండ పడే చోట ఆ తీగ కొమ్మే ఒకటి కుండీలో ఉంది. ఇంటికి వీడియో కాల్ చేసినప్పుడల్లా మా నాన్న దాన్ని చూసి "ఆ పల్లాకు ఇంకా పీకలేదా?" అంటాడు. ఎన్నిసార్లు చెప్పినా ఆయనకి అది పల్లాకే. మొన్న కాల్‌లో మాత్రం తీగని చూడలేదు. నా నుదుటి మీదకి చూస్తూ కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఏందమ్మా అది, పాపిట్లో తెల్లగా?"

"తల పండుతోంది నాన్నా. పీకెయ్యమంటావా?"

ఆయన గొంతు తగ్గించి, "పీకమాకమ్మా, ఉండనీ" అన్నాడు.

సరే అని, ఆయనకి సరిగ్గా కనపడాలని ఫోన్ పట్టుకుని ఎండ ఉన్న వైపుకి జరిగాను.